తీగలు కట్టిన బిందె

“ఏమండీ, ఈ బిందెకు తీగలు ఎవరు కట్టారు?” అంది మా ఆవిడ, పెట్టె మూత తీయగానే.

నొచ్చుకోవడానికి ఏమీ లేదు. ఇత్తడి రేకును ఒంచి, అతికి, పైన నికెల్ పూత పూసిన ఆ డొల్ల ఒళ్ళు నిజంగానే తోమి బోర్లించిన బిందెలా మెరుస్తోంది. పొట్ట మీద పళ్ళెమంత మూత, ఆ మూతకు బూందీ గరిటెకు ఉన్నట్టు చిల్లులు. తలుపు తీసి ఉంటే వీధిన పోయేవాళ్ళు కూడా ఒకసారి ఆగి తొంగిచూసి పోతున్నారు. దీన్ని రెసొనేటర్ గిటార్ అంటారు. దీని గురించి రెండు నెలలుగా నాకూ, నా పాత ఆర్కెస్ట్రా మిత్రుడికీ పోట్లాట జరుగుతోంది. అతను కీబోర్డు వాయిస్తాడు. చదివే ఓపిక అతనికి తక్కువ కాబట్టి ఇక్కడ నా వైపు వాదనే కాస్త బలంగా వినిపిస్తుందని ముందే ఒప్పుకుంటున్నాను.

అనంతపురం పాతూరులో మాది మైకు సెట్టు దుకాణం. ముప్పై ఏళ్ళకు పైగా స్పీకర్లు బాగుచేస్తున్నాను. కాలిన కాయిల్ తీసి కొత్తది వేయడం, చిరిగిన కోన్ మార్చడం, గమ్ ఆరేదాకా బోర్లించి పెట్టడం నా పని. వినాయక చవితి పందిళ్ళు, గూగూడు కుళ్ళాయిస్వామి పీర్ల పండుగ, పెళ్ళిళ్ళు, ఎన్నికల సభలు అన్నీ చూశాను. ఈ జిల్లా చెవులు హోరెత్తించిన పాపంలో నాకూ వాటా ఉంది. మధ్యలో ఒక పదేళ్ళు ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించాను. వాయించాను అనడం కంటే పట్టుకుని నిలబడ్డాను అంటే సరిపోతుంది.

1996 చవితికి ఒక పందిట్లో కరెంటు పోయింది. జనరేటరులో డీజిల్ చూసుకోవలసింది కూడా మా దుకాణమే కనుక ఎవరినీ తిట్టడానికి వీల్లేదు. డోలక్ ఆగలేదు. పాడుతున్న అమ్మాయి గొంతు పెంచి పాట సాగించింది. నా చేతిలోని ఎలక్ట్రిక్ గిటార్ మాత్రం ఉన్నపళంగా కట్టె అయిపోయింది. నేను మీటుతూనే ఉన్నాను. ముందు వరసలో కూర్చున్న ఒక పిల్లవాడు నా వేళ్ళ వంక ఎంత జాలిగా చూశాడంటే, ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

ఈ రేకు గిటార్ పుట్టిందీ అటువంటి అవస్థలోంచే. 1920లలో అమెరికాలో బాకాలు, డ్రమ్ములు, బాంజోల నడుమ కూర్చున్న గిటారు మనిషి ఏం వాయించినా ఎవరికీ వినపడేది కాదు. జార్జ్ బీచమ్ అనే వినోద ప్రదర్శనల కళాకారుడు ఈ బాధ పడలేక, లాస్ ఏంజలిస్‌లో వాద్యాలు చేసే జాన్ డోప్యేరా దగ్గరికి వెళ్ళాడు. డోప్యేరా స్లోవక్ దేశం నుంచి వలస వచ్చిన కుటుంబం వాడు. మొదట గిటారుకు గ్రామఫోన్ గొట్టం తగిలించి చూశారు. అది కుదరలేదు. చివరికి పలుచని అల్యూమినియం రేకును శంఖాకారంలో తిప్పి, అటువంటి కోన్లు మూడు ఒక లోహపు పెట్టెలో అమర్చారు. 1927లో నేషనల్ కంపెనీ పేరుతో అవి బజారుకు వచ్చాయి. ఆ తొలి గిటార్ల ఒళ్ళు జర్మన్ సిల్వర్. పూజ సామాన్ల దుకాణంలో వెండిలా తళతళలాడుతూ వెండి ఒక్క రవ్వ కూడా లేకుండా ఉంటుందే, అదే. రాగి, నికెల్, తుత్తునాగం కలిపిన లోహం.

లోపలి సంగతి చదివినప్పుడు నాకు నవ్వు ఆగలేదు. స్పీకర్‌లో కరెంటు వచ్చి కాయిల్‌ను కదిపితే కోన్ కదులుతుంది. ఇక్కడ ఆ పని తీగ చేస్తుంది. ఒంటి కోన్ ఉన్న రకంలో తీగ అదురు బ్రిడ్జి (తీగలు ఆనే దిమ్మ) మీదికి, బ్రిడ్జి కింద ఉన్న బిళ్ళ మీదికి, బిళ్ళ నుంచి కోన్ నడినెత్తి మీదికి దిగుతుంది. ఆ చెక్క బిళ్ళను వాళ్ళు బిస్కెట్ అనే పిలుస్తారు. మరో రకంలో కోన్ గిన్నెలా వెల్లకిలా పడి ఉంటుంది. దాని అంచు మీద ఎనిమిది కాళ్ళ లోహపు చట్రం నిలబెడతారు. దాని పేరు స్పైడర్. మేము స్పీకర్లలో కాయిల్‌ను నడుమకు నిలపడానికి అతికించే పసుపుపచ్చ మడతల బిళ్ళ పేరు కూడా స్పైడరే. ఈ రెండో రకం డోప్యేరా అన్నదమ్ములు 1928లో నేషనల్ నుంచి విడిపోయి చేసినది. డోప్యేరాలో మొదటి అక్షరం, బ్రదర్స్‌లో మొదటి ముక్క కలిపి డోబ్రో అని పేరు పెట్టుకున్నారు. వాళ్ళ భాషలో ఆ మాటకు ‘మంచిది’ అని అర్థం కూడా ఉందట. పేరు పెట్టడమంటే అలా ఉండాలి.

ఆలోచన మనకు మాత్రం కొత్తదా? తంబురాకు బుర్ర ఎందుకుంది? కర్నూలు దాటి తుంగభద్ర అవతలికి పోతే కిన్నెర వాయించేవాళ్ళు దండికి రెండు మూడు సొరబుర్రలు కట్టుకుంటారు. సొరకాయ చేసే పనిని అక్కడ అల్యూమినియం చేసింది.

ఇక అసలు విచిత్రం. గట్టిగా వినపడే గిటార్ కావాలని పోరుపెట్టిన ఆ బీచమే నాలుగేళ్ళు తిరక్కుండా 1931 ప్రాంతంలో కరెంటుతో మోగే గిటారుకు దారి వేశాడు. దాని ఆకారం చూసి జనం వేపుడు పెనం అని పేరు పెట్టారు. 1937లో దానికి పేటెంటు వచ్చింది. అంటే రెసొనేటర్‌ను పుట్టించిన చేతులే దాని అవసరాన్ని కూడా తీర్చేశాయి. గట్టిగా మోగడానికే పుట్టిన వాద్యం, ఆ పని మరొకటి ఇంకా బాగా చేస్తుంటే, తొంభై ఏళ్ళుగా ఎందుకు బతికి ఉంది? మా ఇద్దరి పోట్లాట మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

మా అమ్మాయి బెంగళూరులో ఉంటుంది. “నాన్నా, ఊరికే చూసి వద్దాం, కొనాలని ఏమీ లేదు కదా” అని ఒక సంగీత వాద్యాల దుకాణానికి తీసుకుపోయింది. ఇటువంటి మాటలు వాళ్ళమ్మ చీరల దుకాణం ముందు అనగా విన్నాను. అక్కడ మూడు రకాలూ ఉన్నాయి. మూడు కోన్ల గిటార్ నాదం తేనెలా సాగింది. స్పైడర్ ఉన్నది ముక్కుతో పాడినట్టు పాడింది. మూడోది ఒంటి కోన్ ఇత్తడిది. దాన్ని మీటితే మొరిగింది. మొరిగి, వెంటనే నోరు మూసుకుంది. అప్పటికే దాన్ని అక్కడి కుర్రవాడు ఏ తీగనూ నొక్కకుండా మీటినా పొందికగా మోగే శ్రుతిలో, మన లెక్కలో చెప్పాలంటే మంద్రం నుంచి పసపసగప అని కట్టి ఉంచాడు. ఆరు తీగలూ ఒక్కసారి మీటితే ఎముకల దాకా దిగింది. ధర 42 వేలు. మూడు కోన్లది అంతకు రెట్టింపు. కాబట్టి నా ఎంపికలో సౌందర్యదృష్టి ఎంత, జేబు ఎంత అని ఎవరైనా అడిగితే సిగ్గుపడకుండా సగం సగం అంటాను.

ఇంటికి వచ్చాక మూడో తీగ మీటితే చీమిడి ముక్కులా బుర్రుబుర్రుమంది. మరొకరైతే తిరిగి బెంగళూరు పరిగెత్తేవాళ్ళు. నేను స్క్రూడ్రైవర్ తీశాను. తీగలు సడలించి, మూత విప్పి చూస్తే కోన్ ఎక్కడా అతికించి లేదు. తీగల బరువు బ్రిడ్జి మీద పడి నొక్కి పెడుతుంటే ఊరికే గాడిలో కూర్చుని ఉంది. వేలితో కొంచెం గట్టిగా నొక్కితే సొట్ట పడేంత పలుచన. దాని అంచు కింద ఆవగింజలో సగం ఉండే లోహపు రజను ఇరుక్కుని ఉంది. పాత పెయింటింగ్ కుంచెతో తుడిచి, కోన్‌ను గాడిలో మళ్ళీ కూర్చోబెట్టి, తీగలు బిగించాను. బుర్రుమనడం పోయింది. అల్యూమినియం రేకు కోన్‌ను చేత్తో పట్టుకున్న ఆ పది నిమిషాలు నాకు కాశీయాత్రతో సమానం. మా దుకాణంలో అట్ట కోన్లే చూసినవాడిని.

ఈ వాద్యానికి ఇంకో గుణం ఉంది. ఇంట్లో ఏ చప్పుడైనా ఇది పట్టించుకుంటుంది. కుక్కర్ విజిల్ వేస్తే మూలన గోడకు ఆనించిన గిటార్ సన్నగా ఊఁ కొడుతుంది. నేను దగ్గితే అదీ దగ్గుతుంది. మే నెలలో వరండాలోకి తెస్తే తీగలు వేడెక్కి శ్రుతి దిగిపోతుంది. చెక్క గిటార్లు మా ఎండలకు నెర్రెలు విచ్చడం చూశాను. దీనికి ఆ భయం లేదు కానీ, తొడ మీద పెట్టుకుంటే కాలుతుంది.

వాయించే విధానం వేరు. చిటికెన వేలికి ఇత్తడి గొట్టం తొడుక్కుని, తీగను మెట్టు మీదికి నొక్కకుండా పైపైన జార్చాలి. మొదటి వారం నాకు వినపడింది సంగీతం కాదు, నా తప్పుల జాబితా. గొట్టం మెట్లకు తగిలి టకటకమంటుంది. మెట్టుకు సరిగ్గా నెత్తిన ఆగకపోతే స్వరం గోధుమగింజంత పక్కకు పోతుంది. అన్నిటికంటే పెద్ద తలనొప్పి, మీటని తీగలు మోగడం. ఒక తీగ కావాలంటే మిగతా అయిదింటినీ ఊరుకోబెట్టాలి. గొట్టం వెనక మిగిలిన వేళ్ళు తీగల మీద ఈకలా ఆనించి ఉంచాలి, కుడి అరచేతి అంచు బ్రిడ్జి దగ్గర సిద్ధంగా ఉండాలి. పదేళ్ళు గిటార్ పట్టుకుని, తీగను ఆపడం కూడా వాయించడంలో భాగమని నాకు తట్టలేదు. ఎలక్ట్రిక్ గిటార్‌లో ఈ లోపాలన్నీ ఎఫెక్టు పెట్టె కప్పేసేది. ఇదేమో నన్ను వీధి అరుగు మీద నిలబెట్టి అందరికీ చూపిస్తోంది.

అప్పుడు దొరికాడు సన్ హౌస్. దొరికాడంటే, మా అల్లుడు ఫోనులో పంపాడు. “మామయ్యా, మీ బిందె లాంటి దాన్ని వాయించే పెద్దాయన” అని రాశాడు. (బిందె మాట అప్పటికే బెంగళూరు దాకా పాకింది.)

1902లో మిసిసిపీలో పుట్టిన మనిషి. కుర్రతనంలో చర్చిలో బోధకుడు. ఆ తరవాత బ్లూస్ అనే అమెరికా నల్లవారి పాటల పాటకుడు. ఈ రెండింటికీ నడుమ జీవితమంతా నలిగాడు. 1930లో కొన్ని రికార్డులు ఇచ్చాడు. అవి అమ్ముడుపోలేదు. 1940లలో అలన్ లోమాక్స్ అనే జానపద సంగీత సేకర్త వచ్చి మరికొన్ని పాటలు పట్టుకుని వెళ్ళాడు. తరవాత ఆయన రోచెస్టర్ ఊరికి పోయి రైల్వేలో పనికి కుదిరి, గిటార్ వదిలేశాడు. 1964లో కొందరు యువకులు వెతుక్కుంటూ వచ్చేసరికి తన పాటలు తనకే చేతికి రాని స్థితి. అలన్ విల్సన్ అనే కుర్రవాడు పాత రికార్డులు విని నేర్చుకున్నవాటిని ఎదురుగా కూర్చుని వాయించి, ఆయన పాటలు ఆయనకు గుర్తు చేశాడు. శిష్యుడు గురువుకు గురువు పాఠమే తిరిగి అప్పగించాడు. నాకు ఈ కథ వినగానే కళ్ళు చెమర్చాయి. ఇందులో సంగీతం తెలియనక్కర్లేదు.

ఆ అరవయ్యో పడిలోని చలనచిత్రాల్లో ఆయన్ని చూడండి. లోహపు నేషనల్ గిటార్. కుడి చెయ్యి తీగలను మీటదు, మీద పడుతుంది, పైకి ఎగిరి మళ్ళీ పడుతుంది. కళ్ళు మూసుకుపోయి ఉంటాయి. పాట చరణం చివర మాట పూర్తి కాకుండానే నోరు ఆగిపోతుంది, మిగిలిన మాటను గొట్టం తీగ మీద జారి పలుకుతుంది. మన బుర్రకథలో కథకుడు వదిలిన చోట వంతలు అందుకున్నట్టే. ఇక్కడ కథకుడూ వంతలూ ఒక్కరే. ఒక దెబ్బ ఉరుములా ఉంటుంది. దాని పక్కనే గోటితో గీకినంత చిన్న జారు. ఆ రెండింటి మధ్య దూరం చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

మా మిత్రుడికి చూపించాను. రెండు నిమిషాలు చూసి, “అన్నా, ఈయన శ్రుతిలో లేడు” అన్నాడు.

కీబోర్డు మనిషికి అలా అనిపించడంలో ఆశ్చర్యం లేదు. అతని మెట్టు ఎక్కడ నొక్కినా ఒకే చోట మోగుతుంది. సన్ హౌస్ గాంధారం సాధారణ గాంధారానికీ, అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో తిరుగుతూ ఉంటుంది. ఒక్కోసారి కింది నుంచి పైకి పాకుతుంది, పూర్తిగా చేరదు. మరి తోడి రాగంలో గాంధారం ఎక్కడ నిలుస్తుందో చెప్పమన్నాను. రిషభం వైపూ మధ్యమం వైపూ ఊగుతుంటేనే అది తోడి, ఒకచోట కదలకుండా నిలబెడితే తోడి కాదు. గోటువాద్యం వాళ్ళు తరతరాలుగా నల్లచేవ ముక్కను తీగల మీద జార్చి ఇదే పని చేస్తున్నారు, వాళ్ళ వాద్యానికి అసలు మెట్లే ఉండవు. జారుడు చెయ్యి మనకు పరాయిది కాదు. అతను కొంచెం తగ్గి, “సరే, శ్రుతి మాట వదిలెయ్యి. ఆయనలో ఫీల్ ఉంది, ఒప్పుకుంటా” అన్నాడు.

ఆ మాటకే నాకు ఒళ్ళు మండింది. తప్పు పట్టినప్పుడు రాని కోపం మెచ్చుకున్నప్పుడు వచ్చింది. ఫీల్ అనే మాటతో మనం వినడం మానేస్తాం. అదేదో దేవుడు కొందరికి పోసిన తీర్థం అన్నట్టు, లేనివాళ్ళు నోరు మూసుకుని చప్పట్లు కొట్టాలన్నట్టు. ఆయన చేస్తున్న పనులు లెక్కపెట్టవచ్చు. ఏ తీగను ఎంత బలంతో కొట్టాడు, జారు ఎంత ఆలస్యంగా మొదలుపెట్టాడు, స్వరానికి ఎంత దూరంలో వదిలేశాడు, అన్నిటికీ మించి మోతను ఎక్కడ అరచేత్తో నొక్కేశాడు. కొట్టి ఆపడం, ఆపిన చోట పాదం తాటించడం, ఆ తాటింపు మీద గొంతు ఎత్తడం. ఈ పనుల వరసను మనం బయటి నుంచి చూసి భావం అంటున్నాం. ఒంటి కోన్ గిటార్ ఆ మనిషి చేతిలో ఎందుకు ఉందో కూడా అప్పుడు అర్థమైంది. నాదం నిలవని వాద్యం కనుక ప్రతి దెబ్బకూ ఆయన మళ్ళీ నిర్ణయించుకోవాలి. మెల్లగా తాకితే గుసగుస, బలంగా కొడితే గర్జన. ఆ హెచ్చుతగ్గు మొత్తం చేతిలోనే ఉంది, నడుమ ఏ వాల్యూమ్ బిరడా లేదు.

ఇది ఒక మైకు సెట్టు మనిషి చెబితే వినాలి. మా దగ్గర కంప్రెసర్ అనే పెట్టె ఉంటుంది. పెద్ద శబ్దాన్ని అణిచి, మొత్తాన్ని ఎత్తి, అన్నిటినీ ఒకే మట్టానికి తెస్తుంది. పందిట్లో చివరి వరసకు కూడా అన్ని మాటలూ వినపడాలంటే అది కావాలి. కానీ ఏళ్ళ తరబడి అలాగే వినిపించి, గట్టిగా ఉన్నదే గొప్పగా ఉన్నదని జనానికి అలవాటు చేసింది మేమే. పాడే అమ్మాయి కావాలని గొంతు తగ్గించిన చోట నేను బిరడా పెంచిన సందర్భాలు ఎన్నో. ఆమె నా వంక చూసేది. నేను పనిమంతుడిని అనుకుని తల ఊపేవాడిని.

భావం అంటే సన్ హౌస్ మాదిరి ఒళ్ళంతా ఊగడమే అని కూడా అనడం లేదు. బ్రిజ్‌భూషణ్ కాబ్రా ఉండేవారు. జోధ్‌పూర్ మనిషి, అలీ అక్బర్ ఖాన్ శిష్యుడు. గిటార్‌ను పడుకోబెట్టి ఉక్కు కడ్డీ జార్చి హిందుస్తానీ రాగాలు పలికించారు. 1967లో శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు పక్కన ఆయన గిటార్ ఉన్న రికార్డు దేశమంతా విన్నది. ఆయనలో దెబ్బ అనేదే వినపడదు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి నడిచే దారిలో ఎక్కడ తొందరపడలేదో, అక్కడ నా ఊపిరి ఆగుతుంది. హవాయి దీవుల్లో పందొమ్మిదో శతాబ్దం చివర జోసెఫ్ కెకుకు అనే కుర్రవాడు తీగల మీద ఇనుప ముక్క జార్చిన పద్ధతి లాంటిదే, ఒక వైపు మిసిసిపీ పొలాల పక్క పాటల్లోనూ, మరో వైపు రాజస్థాన్ చేతుల్లోనూ ఎంత వేర్వేరుగా స్థిరపడిందో చూస్తే ఇనుప ముక్కకు ఏ భావమూ లేదని తేలుతుంది. మూడు కోన్ల గిటార్ కొని ఉంటే నేనూ కాబ్రాను అనుకరించేవాడినేమో. జేబు నన్ను మిసిసిపీ వైపు నెట్టింది.

మిత్రుడి రెండో వాదన పికప్, అంటే తీగ అదురును కరెంటుగా మార్చి స్పీకర్‌కు పంపే చిన్న పరికరం. “లోపల ఒక పికప్ పెట్టించు అన్నా. దసరాకు హాల్లో ప్రోగ్రాం ఉంది. ఊరికే ఇంట్లో కుక్కర్‌తో జుగల్‌బందీ ఎందుకు?” అని. వద్దన్నాను. బిస్కెట్ కింద పికప్ దూర్చితే వచ్చే శబ్దం తీగది, కోన్‌ది కాదు. కోన్ గాలిని నెట్టేది పికప్‌కు తెలియదు. దాన్ని మళ్ళీ నా దుకాణంలోని అట్ట కోన్ స్పీకర్‌లోంచి బయటికి తెస్తే, ఒక కోన్‌ను నోరు మూయించి ఇంకో కోన్‌తో మాట్లాడించినట్టు. ఎదురుగా ఒక మైకు పెడతాను, జానెడు దూరంలో, అంతే.

దానికి అతనిచ్చిన జవాబు నాకు గట్టిగానే తగిలింది. “నువ్వు లేచి నిలబడింది ఆయన ముందు కాదు కదా. అల్లుడు పంపిన ఫోనులో, బొటనవేలంత స్పీకర్‌లో విన్నావు. ఆ పక్కన మైకూ ఉంది, రికార్డు చేసిన మిషనూ ఉంది. అన్ని పెట్టెలు దాటి వచ్చినా నీకు అందింది. మరి పికప్ ఒక్కటే పాపం చేసిందా?”

మూడు రోజులు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. హెచ్చుతగ్గులు మొదట చేతిలో పుడితే ఎన్ని పెట్టెలు దాటినా కొంత మిగులుతుందనీ, నా బోటివాడి చేతిలో అవి ఇంకా పుట్టలేదు కనుక, పుట్టేదాకా పెట్టెలు దగ్గరికి రానివ్వకూడదనీ అన్నాను. అతను “అంటే దసరాకు లేనట్టేగా” అన్నాడు.

పోయిన ఆదివారం పికప్ కొనుక్కుని, తానే బిగించే ఉద్దేశంతో వచ్చాడు. మా ఆవిడ అతనికి ఉగ్గాని బజ్జీ పెట్టింది. చేతులు కడుక్కుని, పికప్ పెట్టెను బల్ల మీద పెట్టి, ఎక్కడ బిగించాలో చూడటానికని గిటార్‌ను ఒళ్ళోకి తీసుకున్నాడు. గొట్టం వేలికి తొడుక్కుని ఒకటో తీగ మీద ఒక జారు జార్చాడు. టకటకమంది. “ఛ” అన్నాడు. మళ్ళీ జార్చాడు. మిగతా తీగలన్నీ గోల పెట్టాయి. వెనక వేళ్ళు ఆనించమని చెప్పబోయి ఊరుకున్నాను. పదకొండున్నరకు మొదలుపెట్టినవాడు మధ్యాహ్నం రెండయినా తల ఎత్తలేదు. ఒక పంచమం దగ్గర, ఎంతో మెల్లగా తాకి, సగంలో అరచేత్తో ఆపి, నా వంక చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

వెళ్ళేటప్పుడు పికప్ పెట్టెను మరిచిపోయాడు. సాయంత్రం వాయిద్దామని చూస్తే ఇత్తడి గొట్టం కనపడలేదు. మంచం కింద, సోఫా సందుల్లో, ఆఖరికి ఉగ్గాని గిన్నెలో కూడా వెతికాను. ఫోను చేశాను.

“నా జేబులో ఉందన్నా. రేపు తెచ్చి ఇస్తాలే” అన్నాడు.

ఇంకా తేలేదు.